మళ్లీ లేచే డబ్బా

"వ్యాన్ వచ్చేదాకా మాట్లాడుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రాగానే ముందు సర్వర్ మెషీన్ ఎక్కుతుంది, దాని వెనకాలే ఈవిడ ఎక్కుతుంది. ఆ తర్వాత మీరు మాట్లాడాల్సింది లాయరుతో."

అందరూ భూతద్దం అని పిలిచే ఆవిడ అతని వైపు తిరగలేదు. ఖాళీ గాజు సీసాలు పేర్చిన ఆ స్టోర్ రూములో, స్టూలు మీద కూర్చున్న అమ్మాయి చేతుల వైపు చూస్తోంది. చేతులకు బేడీలున్నాయి. కానీ ఇనుముకూ చర్మానికీ మధ్య ఎవరో ఒక రుమాలు మడిచి దోపారు. నీలం గళ్ల రుమాలు, మగవాళ్లది. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ తన మొహం చెమటను చొక్కా చేతికి తుడుచుకుంటూ, కావాలని ఇంకెటో చూస్తున్నాడు.

అరెస్టు చేస్తూ కూడా చెయ్యి ఒరుసుకుపోతుందేమోనని ఆలోచించిన మనిషి ఒకడున్నాడు. ఈ గదిలో ఆ మాత్రం తోడు దొరకడమే ఎక్కువ అనుకుంది భూతద్దం.

ఆమె చాలాకాలం బీమా కంపెనీలో దర్యాప్తు చేసింది. పాలసీ కాగితాల అడుగున చీమల్లా పాకే అక్షరాలను మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి ఆ కంపెనీ మొత్తంలో ఆమె ఒక్కతే. అక్కడ పడిన భూతద్దం అనే పేరు ఉద్యోగం వదిలేసినా వదల్లేదు. ఈ పొద్దున ఆమె తలుపు కొట్టింది ఈ అమ్మాయి అత్తగారు. "మా కోడలు కూరలో ఉప్పు మర్చిపోతుందండీ, కాదనను. గదికి తాళం మాత్రం మర్చిపోదు. దాన్ని దొంగంటే నేనొప్పుకోను," అని గుమ్మంలోనే కూలబడింది.

తాళం మాట నిజమే. మందులు పరీక్షించే ఈ ల్యాబ్‌లో కంప్యూటర్ల బాధ్యత అమ్మాయిదే. సర్వర్ మీద ఏ పనైనా చెయ్యనిచ్చే పాస్‌వర్డ్, వాళ్ల మాటల్లో యజమాని పాస్‌వర్డ్, ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే అందరూ ఆమెను తాళంచెవి అంటారు. ఇప్పుడు ఆ పేరే మెడకు చుట్టుకుంది. నిన్న సాయంత్రం ల్యాబ్ పెద్ద కెమిస్ట్ మెట్ల మీద నుంచి పడి, రోడ్డుకు అటువైపున్న హాస్పిటల్లో తెలివి లేకుండా ఉన్నాడు. అదే సమయంలో పరీక్షల ఫలితాలుండే ఫోల్డర్ చెరిగిపోవడం మొదలైంది. సగం పోయింది, సగం మిగిలింది. మిగిలిన సగంలోనే ఒక పిల్లల దగ్గు సిరప్ ఫలితం ఉంది. ఫలితం బాగాలేదని తేలితే ఆగిపోవాల్సిన ఆ సిరప్ లారీలెక్కడానికి సిద్ధంగా ఉంది.

"ఆ ఫోల్డర్ తెరవాలంటే నీ పాస్‌వర్డ్ ఉండాలి. అంతేనా?" అడిగింది భూతద్దం.

"అంతే మేడమ్."

"ఎవరికైనా చెప్పావా?"

"మా ఆయనకి కూడా చెప్పలేదు. నిద్రలో కలవరిస్తానేమోనని భయపడేదాన్ని."

"మరి నిన్న ఆ టైములో మెషీన్ ముందు నువ్వెందుకున్నావు?"

"డిస్క్ మీద పని ఆగకుండా నడుస్తోందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పరుగెత్తుకొచ్చాను. నేనెరగని డబ్బా ఒకటి నడుస్తోంది. ఆపేశాను."

"డబ్బా ఏమిటి?"

"కంటైనర్ మేడమ్. మేం డబ్బా అంటాం. ఒక ప్రోగ్రామునీ దానికి కావలసిన సరంజామానీ కలిపి ఒక డబ్బాలో పెట్టి మూత బిగించడం. ఒక డబ్బాలో గొడవ పక్కదానికి అంటదు. మా లినక్స్ సర్వర్ మీద ఆ సాఫ్ట్‌వేర్ పెట్టింది నేనే."

గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "విన్నారుగా? ఆపేశానంటోంది. నేను చెప్పేదీ అదే. సగం చెరిపేసరికి ఎవరో వస్తున్న అలికిడైంది, ఆపేసింది. ఆ మాట నా రిపోర్టులో ఉంది."

"ఆమె చెప్పింది డబ్బా ఆపానని. మీరు రాసింది చెరపడం ఆపిందని. రెండూ ఒకటేనా ఇన్‌స్పెక్టర్‌గారూ?"

"మీరు ఇంకా బీమా కాగితాలే చదువుతున్నారు మేడమ్. ఇక్కడ చచ్చిపోబోయిన మనిషున్నాడు."

"బతికున్న మనిషి కూడా ఉంది," అంది భూతద్దం లేస్తూ. "గది చూపించండి."

వీళ్లిద్దరికీ పడకపోవడం పాత సంగతి. ఒకసారి గోడౌన్ తగలబడిన కేసులో అతను పట్టుకున్న మనిషిని ఆమె నిర్దోషి అని తేల్చింది. ఆ రోజు నుంచీ ఆమె కనబడితే అతని నడక వేగం పెరుగుతుంది.

సర్వర్ గదికి కిటికీ లేదు. రెండు బీరువాల మధ్య సన్నటి సందు. చివర చిన్న బల్ల, దాని మీద తెర, కీబోర్డు. బల్ల కింద కరెంటు పోతే కాసేపు ఆదుకునే బ్యాటరీ పెట్టె. అక్కడ అప్పటికే ఇద్దరున్నారు. ఒకరు ల్యాబ్ యజమాని. తెల్లజుట్టు, మెత్తటి గొంతు. ఆయన్ని అంతా పెద్దాయన అంటారు. రెండో అతను ఆయన అల్లుడు. ల్యాబ్‌కి ప్రోగ్రాములు రాసేది అతనే. అందరికీ అల్లుడుగారు.

బేడీలతో వచ్చిన అమ్మాయిని చూడగానే పెద్దాయన తాను కూర్చున్న కుర్చీ జరిపాడు. "కూర్చో అమ్మా. మంచినీళ్లు తెప్పించనా?"

"ఇంత జరిగినా మర్యాద తప్పని మనుషులు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఎవరికో వినిపించాలన్నట్టు.

భూతద్దం అల్లుడుగారి వైపు తిరిగింది. "నిన్న నడిచిన డబ్బా మీదేనా?"

"నాదే అయ్యుంటుందండీ. టెస్టింగ్‌కి బోలెడు పెడుతుంటాను. దానికీ తాళం వేసిన ఫోల్డర్‌కీ ఏం సంబంధం? నా అకౌంట్‌తో ఆ ఫోల్డర్ తలుపు కూడా తట్టలేను. కావాలంటే చూడండి."

కీబోర్డు ముందుకు లాక్కుని తన పేరు, తన పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాడు. ఫోల్డర్ తెరవమని అడిగాడు. అనుమతి లేదు అని తెర మీద ఒక వరుస మెరిసింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే. చేతులు గాల్లోకి ఎత్తి చూపించాడు, జేబులు ఖాళీ అని చూపించే గారడీవాడిలా.

"చాలా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"యజమాని పాస్‌వర్డ్ ఇప్పుడెవరి దగ్గరుంది?"

"మా నిపుణుడి దగ్గర. పొద్దున ఆఫీసు నుంచే మార్చేశాడు. ఆ తర్వాత బయటి ఇంటర్నెట్ లైను పీకించేశాం. ఇక ఈవిడగారు ముట్టుకున్నా ఉపయోగం లేదు."

"మెషీన్ ఆపి హాయిగా తీసుకెళ్లండి సార్," అన్నాడు అల్లుడుగారు. "ఆఫీసులో స్టార్ట్ చేసుకుంటే అన్నీ మామూలే. డబ్బాల గురించి బెంగ వద్దు, అవే సర్దుకుంటాయి."

ఆ మాట భూతద్దం చెవిలో ముల్లులా నిలిచింది. పక్కవాడి ఇంట్లో సామాను ఎత్తుకెళ్తుంటే సలహా ఇచ్చేవాళ్లుంటారు. తన సామాను ఎత్తుకెళ్లమని తొందరపెట్టేవాళ్లు తక్కువ.

ఆమె గోడ వైపు తిరిగింది. ఇన్‌స్టాల్ చేసే పద్ధతి అచ్చువేసిన కాగితాలు అక్కడ వరుసగా టేపుతో అంటించి ఉన్నాయి. పాత ప్యాకేజీ తీసెయ్యడం, కొత్తది ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పడం, ఇన్‌స్టాల్, చిన్న పరీక్ష. ప్రతి మెట్టు పక్కనా పెన్సిల్ టిక్కు. చివరి కాగితానికి మాత్రం చోటు చాలలేదు. కింద స్విచ్‌బోర్డు అడ్డొచ్చి, అడుగు భాగం లోపలికి మడిచేశారు. భూతద్దం గోటితో ఆ మడత విప్పింది. అడుగున చిన్న అక్షరాల్లో రెండు వరుసలు. ఒకసారి చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.

"ఈ మెషీన్ కదలడానికి వీల్లేదు," అంది.

"అదేం?"

"మీ నిపుణుడు ఎక్కడున్నాడు?"

"బండి మీద ఇటే వస్తున్నాడు."

"రానివ్వండి. అతను చూడకుండా మీరు ఆపాక, మిగిలిన సగం కూడా పోయిందనుకోండి. ఆ కాగితం మీద సంతకం ఎవరిది ఇన్‌స్పెక్టర్‌గారూ? మీదేగా?"

ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకున్నాడు. కానీ సంతకం మాట అతనికి బాగా తెలిసిన భాష. "సరే. అతనొచ్చేదాకా. అంతకుమించి ఒక్క నిమిషం ఆగను."

పెద్దాయన నిట్టూర్చి లేచాడు. "నేనిక్కడుండి చేసేదేముంది. హాస్పిటల్లో కెమిస్ట్ దగ్గర మనవాళ్లెవరూ లేరు. వెళ్లి కూర్చుంటాను." వెళ్తూ అమ్మాయి తల మీద చెయ్యి పెట్టాడు. కాసేపటికి అల్లుడుగారు కాఫీ తెస్తానన్నాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లతో సైగ చేస్తే కానిస్టేబుల్ కూడా వెంట వెళ్లాడు.

వాళ్ల అడుగుల చప్పుడు దూరమయ్యాక భూతద్దం వంగి అడిగింది. "అమ్మాయ్, ఈ చివరి మెట్టు. మామూలు మనుషుల్ని కంటైనర్ గ్రూపులో చేర్చడం. ఇది చేశావా?"

"నాకోసం చేసుకోలేదు మేడమ్. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టడమే నా అలవాటు."

"ఇంకెవరికైనా చేశావా?"

తాళంచెవి తలెత్తింది. "అల్లుడుగారికి. రోజంతా పిలిచేవాడు, డబ్బా పెట్టాలి వచ్చి పాస్‌వర్డ్ కొట్టమని. వాళ్లింట్లో పసిపాప. త్వరగా ఇంటికెళ్లాలి, నీకు పుణ్యముంటుంది అనేవాడు. పాపం అనిపించింది. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వలేదు మేడమ్! డబ్బాలు చేసుకునే వీలు మాత్రమే ఇచ్చాను."

"ఈ మడతలో ఏముందో చదివావా?"

"ఏవో హెచ్చరికలులే అనుకున్నాను. పని అయిపోయింది కదా అని మడిచేశాను."

భూతద్దం చదివి వినిపించింది. ఈ గ్రూపులో చేర్చిన వ్యక్తికి యజమాని అధికారం మొత్తం ఇచ్చినట్టే.

అమ్మాయి ఆ రెండు వరుసలూ తానే మళ్లీ చదివింది. తర్వాత తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది. "డబ్బా చెయ్యమని అడిగేది మామూలు మనిషే. చేసిపెట్టేది మాత్రం యజమాని హోదాలో నడిచే ప్రోగ్రాం. డబ్బాకి ఒక అల్మారా కావాలంటే ఇస్తుంది... ఇల్లు మొత్తం, అంటే డిస్క్ అంతా కావాలన్నా ఇచ్చేస్తుంది. తాళం నా దగ్గరుంచుకుని గోడ తీసిచ్చాను మేడమ్."

"కథ బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఋజువు?"

అప్పుడే దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది. బల్ల కింద బ్యాటరీ పెట్టె కీచుమని అరవడం మొదలెట్టింది.

"ఎంతసేపు ఆగుతుందది?" అడిగింది భూతద్దం.

"ఎంతోసేపు ఆగదు. బ్యాటరీలు పాడయ్యాయి. మార్చాలని పెద్దాయనకి చెప్పాను, చూద్దాంలే అన్నారు."

"తర్వాత?"

"మెషీన్ ఆగిపోతుంది. కరెంటు రాగానే దానంతటదే లేస్తుంది."

"నువ్వు ఆపిన డబ్బా? అది కూడా లేస్తుందా?"

అమ్మాయి తెర వైపు ముందుకు వంగింది. "అది... తయారుచేసేటప్పుడు ఏం రాశారో దాన్ని బట్టి. ఎప్పుడూ లేపు అని రాసుంటే, చేత్తో ఆపినా సరే, మెషీన్‌తోపాటే లేచి కూర్చుంటుంది. వదిలిన చోటి నుంచి మళ్లీ మొదలెడుతుంది. చూడాలి మేడమ్! చూడాలంటే పాస్‌వర్డ్..."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే నిపుణుడికి ఫోన్ చేస్తున్నాడు. మోగుతోంది. ఎత్తడం లేదు. బండి మీదున్నవాడు ఎలా ఎత్తుతాడు?

"పాస్‌వర్డ్ అక్కర్లేదు," అంది భూతద్దం. తెర వైపు వేలు చూపించింది. "అల్లుడుగారు లోపలికి వెళ్లి చూపించారు. బయటికి రావడం మర్చిపోయారు. ఆయన పేరుతో తలుపు ఇంకా తెరిచే ఉంది. ఇన్‌స్పెక్టర్‌గారూ, ఆ చేతులు విప్పండి."

"నిందితురాలి చేతికి సాక్ష్యం అప్పగించమంటారా?"

"మీరు చెయ్యగలిగితే మీరే కూర్చోండి. నేను అడ్డు రాను."

బ్యాటరీ కీచు మధ్య ఎడం తగ్గుతోంది. ఇన్‌స్పెక్టర్ కుర్చీ వైపు చూశాడు, కీబోర్డు వైపు చూశాడు. అతనికి పోలీసు పని వచ్చు, ఈ పని రాదు. ఆ సంగతి నోటితో ఒప్పుకోకుండా తాళం తీశాడు. నీలం గళ్ల రుమాలు కింద పడింది.

"ఒక్క తప్పు అక్షరం కొట్టావో..." అన్నాడు.

"కొట్టనివ్వండి సార్," అంది ఆ అమ్మాయి. ఆ గొంతులో వణుకు లేదు. చేతికి పని దొరికిందిగా.

ఆగిపోయిన డబ్బాలతో సహా అన్నీ చూపించమని అడిగింది. జాబితా వచ్చింది. చివర్లో నిన్న ఆపినది. దాని వివరాలు తెరిచింది. ఇంటి మొత్తాన్నీ లోపలికి తెచ్చుకున్న డబ్బా అది. చెయ్యాల్సిన పని, ఆ ఫోల్డర్‌లో ఒక్కొక్క ఫైలు మీదా చెత్త రాసి చెరపడం. అడుగున: ఎప్పుడూ లేపు.

"తీసెయ్! పీకెయ్ దాన్ని!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. తెలియకుండానే అతను వంగి తెరకు దగ్గరగా వచ్చాడు.

"తీసేస్తే నీకున్న ఒక్క సాక్ష్యమూ పోతుంది," అంది భూతద్దం అమ్మాయితో.

"తియ్యను మేడమ్. లేవొద్దు అని మారుస్తాను, చాలు."

"ముందు ఫోల్డర్ తెరిచి ఆయనకి చూపించు. పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకుంటుందని కళ్లారా చూడనీ. రెండింటికీ బ్యాటరీ చాలకపోవచ్చు."

అమ్మాయి వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఫోల్డర్ తెరిస్తే తాను బయటపడుతుంది. డబ్బాను మారిస్తే ఆ సిరప్ ఫలితం బతుకుతుంది.

"ఆ సిరప్ తాగేది పిల్లలు మేడమ్," అంది. డబ్బా పేరు కొట్టింది. లేవొద్దు అని రాసి బటన్ నొక్కింది. మెషీన్ ఏమీ అడగలేదు. సరేనని ఒప్పుకుంది.

ఆ తర్వాతే రెండో పనికి దిగింది. కొత్త డబ్బా ఒకటి, దానికి ఇల్లు మొత్తం, అందులోంచి తాళం వేసిన ఫోల్డర్. తెర నిండా ఫైళ్ల పేర్లు జలజలా దిగాయి. ఇందాక అల్లుడుగారికి అనుమతి లేదన్న ఫోల్డరే. ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. కీచు ఆగిపోయింది, తెర నల్లబడింది, ఫ్యాన్ల హోరు నీరసంగా దిగిపోయింది.

చీకట్లో ముగ్గురి ఊపిరీ వినిపిస్తోంది.

"చూశారా?" అంది భూతద్దం.

ఇన్‌స్పెక్టర్ తెర దగ్గర నుంచి నిటారుగా లేచాడు. "చూశాను."

కరెంటు వచ్చింది. మెషీన్ దానంతటదే లేచింది. తెర వెలిగింది. డిస్క్ లైటు గబగబా కొట్టుకుని నెమ్మదించింది, ఆ తర్వాత ప్రశాంతంగా నిలబడింది. తాళంచెవి ఆ లైటునే చూస్తూ, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఏడ్చేసింది. ఇన్‌స్పెక్టర్ వంగి రుమాలు తీశాడు. దుమ్ము దులిపి ఆమె ఒళ్లో పెట్టాడు. బేడీలు మాత్రం తన జేబులోనే వేసుకున్నాడు.

అల్లుడుగారు కాఫీ కప్పుల ట్రేతో వచ్చాడు, వెనక కానిస్టేబుల్. గుమ్మంలోనే అతని చూపు డిస్క్ లైటు మీదికి పోయింది. ఆ లైటు కొట్టుకోవడం లేదు.

"మీ డబ్బా లేవలేదండీ," అంది భూతద్దం. "పడుకోమని చెప్పాం, మీ పేరుతోనే."

ట్రే మీద కప్పులు గలగలమన్నాయి.

"కింద మెయిన్ స్విచ్ ఆపి రావడానికి కాఫీ వంకా?" ఇన్‌స్పెక్టర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "మెట్ల మీద కెమిస్ట్‌ని తోసింది కూడా..."

"నేను తొయ్యలేదు! డబ్బా ఒక్కటే సార్, చెప్పింది చేశాను, అంతే! కరెంటు కూడా నేను కాదు, ఆయన్నడగండి!"

కానిస్టేబుల్ ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "నిజమే సార్. దీపాలు పోయినప్పుడు ఈయన నా పక్కనే ఉన్నారు. నా కప్పులోకి పాలు వంచుతున్నారు. సగం నా చేతి మీదే పోశారు. తర్వాత నేనే కిందికెళ్లి చూశాను. మెయిన్ ఎవరో కావాలనే దించారు, నేనే మళ్లీ ఎత్తాను."

భూతద్దం వంగి బల్ల కింది బ్యాటరీ పెట్టె వైపు చూసింది.

"అమ్మాయ్," అంది భూతద్దం మెల్లగా. "బ్యాటరీలు పాడయ్యాయని ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదు మేడమ్. అల్లుడుగారికైతే ఆ పెట్టె ఎందుకుందో కూడా తెలీదు. పెద్దాయనకి ఒక్కరికే..."

అల్లుడుగారు నేల చూపులు చూస్తున్నాడు.

భూతద్దం ల్యాబ్ ఫోన్ నుంచి హాస్పిటల్‌కి చేసింది. కెమిస్ట్ ఉన్న వార్డు నర్సు ఎత్తింది. గొంతులో సంతోషం. "మీకే చెబుదామనుకుంటున్నానండీ. ఆయనకి తెలివొచ్చింది! ఇప్పుడే కళ్లు తెరిచి ఏదో చెప్పాలని చూస్తున్నారు."

"దగ్గరెవరున్నారమ్మా?"

"మీ ల్యాబ్ పెద్దాయన వచ్చారు కదండీ. ఎంత మంచాయనో! పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు, కాసేపు కూర్చుని టీ తాగి రా తల్లీ అని నన్ను బయటికి పంపించారు."

"అయితే గదిలో..."

"ఆయనొక్కరే ఉన్నారండీ. తలుపు కూడా వేసుకున్నారు, పేషెంటుకి చప్పుడు పడదని."